ప్రార్థన పుస్తకంలో నాలుగో కాలమ్

నేను 27 ఏళ్లు లెక్కలు రాసే ఉద్యోగం చేశాను. వచ్చింది ఒకవైపు, పోయింది ఒకవైపు, రెండూ సరిపోయాకే సంతకం. అలాంటి నేను, నా ప్రార్థన పుస్తకాన్ని మాత్రం ఏళ్ల తరబడి సగమే రాస్తూ వచ్చాను.

అది నీలం అట్ట వేసిన పొడవాటి రూళ్ల పుస్తకం. అందులో రెండు కాలమ్‌లు గీసుకున్నాను. తేదీ, విన్నపం. మా అమ్మ పక్షవాతంతో మంచాన పడిన రెండో ఏడు, ఒక శనివారం రాత్రి ఆమెకు మందు వేసే వేళ కోసం మేలుకుని ఉన్నాను. ఖాళీ పేజీ కోసం వెతుకుతూ పుస్తకాన్ని వెనక్కి తిప్పాను. చదవడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. అలవాటు కొద్దీ లెక్క కూడా వేశాను. మొత్తం విన్నపాలు 63. అడిగినట్టే జరిగినవి 31. నేను అనుకున్నట్టు కాకుండా వేరే దారిలో తీరినవి 7. ఇంకా తీరనివి 25. తీరిన ఆ 38లో, పక్కన ‘స్తోత్రం ప్రభువా’ అని రాసుకున్నవి ఎన్ని ఉన్నాయో చూశాను. నాలుగు.

మిగిలిన 34లో కన్నీళ్లతో అడిగినవి చాలా ఉన్నాయి. మావారికి ఉద్యోగం పోయినప్పుడు ఏడు నెలలు రోజూ అడిగాను. ఉద్యోగం దొరికిన వారం పేజీలో ఏం రాశానో చూస్తే, ‘కొత్త ఆఫీసులో ఆయనకు మంచి పేరు రావాలి’ అని ఉంది. పాత విన్నపానికీ కొత్త విన్నపానికీ మధ్య ఒక్క మాట లేదు. ఇలాంటి పద్దు ఎవరైనా నా టేబుల్ మీదికి తెచ్చి ఉంటే సంతకం పెట్టేదాన్ని కాదు.

లూకా సువార్త 17వ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగుల సంగతి నేను చిన్నప్పటినుంచి వింటున్నదే. తిరిగి రాని తొమ్మిదిమంది కృతఘ్నులని అనుకుని అక్కడితో వదిలేసేదాన్ని. ఆ రాత్రి మళ్లీ చదివాను. వెళ్లి యాజకులకు కనపరచుకోమని యేసు వాళ్లకు చెప్పాడు. వాళ్లు వెళ్తుండగా దారిలో బాగయ్యారు. అంటే ఆ తొమ్మిదిమంది చేస్తున్నది ఆయన చెప్పిన పనే. వాళ్లలో చెడు నాకు కనిపించలేదు. ముందున్న పని మీద ధ్యాసతో నడిచిపోతున్నవాళ్లు కనిపించారు. నాలాగే. వాళ్లలో ఒక సమరయుడు, అంటే యూదులు పరాయివాడిగా చూసే సమరయ ప్రాంతంవాడు, ఒక్కడే దారి మధ్యలో ఆగి వెనక్కి తిరిగాడు. అప్పుడు యేసు అడిగిన ప్రశ్న, ‘ఆ తొమ్మండుగురు ఎక్కడ?’

కృతజ్ఞత అంటే గుండెలో పొంగే ఒక భావమనీ, అది వచ్చినప్పుడు చెప్పుకోవాలనీ అప్పటిదాకా అనుకునేదాన్ని. లూకా ఆ సమరయుడి భావాల గురించి ఏమీ రాయలేదు. అతను ఏం చేశాడో రాశాడు. తిరిగి వచ్చాడు, గొప్ప శబ్దంతో దేవుణ్ణి మహిమపరిచాడు, పాదాల దగ్గర సాగిలపడ్డాడు. ఆ వెనక్కి తిరగడం రోజూ ఎలా చేయవచ్చో, ఈ ఎనిమిది తొమ్మిదేళ్లలో నేను నేర్చుకున్నంత మేరకు ఇక్కడ చెబుతాను.

పుస్తకం మొదలుపెట్టడం

ఏ పుస్తకమైనా ఫరవాలేదు. నాలుగు కాలమ్‌లు గీయండి. విన్నపం రాసిన తేదీ, విన్నపం, జవాబు వచ్చిన తేదీ, స్తుతి చెల్లించిన తేదీ. విన్నపాన్ని ఎంత స్పష్టంగా రాస్తే జవాబు అంత స్పష్టంగా తెలుస్తుంది. ‘మా కుటుంబాన్ని దీవించు’ అని రాస్తే, అది ఎప్పుడు జరిగిందో ఎలా గుర్తుపడతాం? ‘అబ్బాయి, వాళ్ల నాన్న మళ్లీ మాట్లాడుకోవాలి’ అని రాయండి. వాళ్లు మాట్లాడుకున్న రోజు మీకే తెలుస్తుంది.

ఇంతకుముందు రాసుకున్న పాత పుస్తకాలు ఉంటే మంచిదే. వాటిని వెనక్కి తిప్పి, తీరినవాటికి ఒక్కొక్కదానికి ఇప్పుడే స్తుతి చెల్లించండి. ఆలస్యమైందని ఆగకండి. ఆ రాత్రి నా 34 పూర్తయ్యేసరికి తెల్లవారింది. మధ్యలో లేచి అమ్మకు మందు వేశాను, పక్క మార్చాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను. పుస్తకమే లేనివాళ్లు గత సంవత్సరంలో భయపడిన సంగతులు ఓ పది గుర్తు చేసుకుని రాస్తే చాలు. భయం మనకు బాగా గుర్తుంటుంది. అది ఎలా తీరిందో మాత్రం మరచిపోతాం. 103వ కీర్తనలో దావీదు తన ప్రాణంతోనే ‘ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము’ అని చెప్పుకోవాల్సి వచ్చింది అందుకే అనుకుంటాను.

ఉదయం, అడగడానికి ముందు

ఉదయం ప్రార్థనకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. గడిచిన 24 గంటల్లోంచి మూడు సంగతులు, విడివిడిగా, పైకి వినబడేలా చెప్పాలి. విన్నపాలు ఆ తర్వాతే.

విడివిడిగా అని ఎందుకంటున్నానంటే, ‘నీవు చేసిన మేలులన్నిటికీ స్తోత్రం తండ్రీ’ అని ఒక్క మాటలో ముగించి ముందుకు వెళ్లిపోవడం, పద్దులు ఒక్కటీ రాయకుండా అడుగున మొత్తం మాత్రం వేయడం లాంటిది. ఆ మొత్తం దేనివల్ల వచ్చిందో వేసినవాళ్లకే తెలియదు. 136వ కీర్తన చూడండి. 26 వచనాలు, ప్రతి వచనం చివర ‘ఆయన కృప నిరంతరముండును’ అనే మాటే. దానికి ముందున్న సగం మాత్రం మారుతూ పోతుంది. ఆకాశం, భూమి, సూర్యుడు, చంద్రుడు, ఎర్రసముద్రం, అరణ్యం. అమోరీయుల రాజైన సీహోను, బాషాను రాజైన ఓగు అని ఇద్దరు రాజుల పేర్లు కూడా వస్తాయి. ఎప్పుడో తమను అడ్డగించిన శత్రువుల పేర్లను ఇశ్రాయేలీయులు తరతరాలు స్తుతిలో పాడుకున్నారు. ఏ ఆపద నుంచి బయటపడ్డామో దాని పేరు పోగొట్టుకోలేదు.

అమ్మ మంచాన ఉన్న రోజుల్లో నా ఉదయం స్తుతి ఇలా ఉండేది. ‘రాత్రి రెండింటికి అమ్మను పక్కకు తిప్పినప్పుడు వీపు మీది పుండు ఎండుతున్నట్టు కనిపించింది, స్తోత్రం. నిన్న తేడా వచ్చిన పద్దు సాయంత్రం ఇంటికి బయలుదేరేలోపే దొరికింది, స్తోత్రం. అబ్బాయి ఎవరూ చెప్పకుండానే వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చున్నాడు, స్తోత్రం.’ అంతే. రెండు నిమిషాలు పట్టదు.

పైకి చెప్పడం కూడా అవసరమే. మనసులో చెప్పుకుంటే మూడోదానికి చేరేలోపు ఆఫీసు టెన్షన్లు లోపలికి వచ్చేస్తాయి. సొంత గొంతు చెవిన పడుతుంటే మనసు అంత తేలిగ్గా పక్కకు పోదు.

ఇంకో నియమం తర్వాత కలిపాను. ఒకసారి చెప్పినది వారం లోపు మళ్లీ చెప్పకూడదు. మొదటి వారం సులువుగా గడిచింది. ఆరోగ్యం, ఇల్లు, ఉద్యోగం, పిల్లవాడు, అన్నీ వరుసగా అయిపోయాయి. మూడో వారానికి చెప్పడానికి ఏమీ మిగలలేదనిపించింది. అప్పటినుంచే పగటిపూట వెతకడం మొదలుపెట్టాను. ఏదైనా చిన్న మేలు ఎదురైతే, ‘ఇది రేపు పొద్దున చెప్పుకోవచ్చు’ అని పక్కన పెట్టుకునేదాన్ని. అపొస్తలుడు పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, 4వ అధ్యాయంలో ప్రార్థననూ, మెలకువనూ, కృతజ్ఞతనూ ఒకే వాక్యంలో ఎందుకు కలిపాడో అప్పుడు అర్థమైంది. కృతజ్ఞతకు కళ్లు తెరిచి ఉండాలి.

ఏమీ గుర్తురాని ఉదయాలు కూడా ఉంటాయి. అలాంటప్పుడు చేతికి తగిలిన వస్తువుతో మొదలుపెట్టండి. నేను చాలాసార్లు కళ్లజోడుతో మొదలుపెట్టాను. అది లేకపోతే ఎదురుగా ఉన్న వాక్యం నాకు నల్లటి మరక. ఎవరో అద్దం అరగదీశారు, ఎవరో నా చూపు కొలిచారు. వాళ్లకు ఆ నేర్పు ఇచ్చిన దేవునికి స్తోత్రం. అక్కడినుంచి రెండోది, మూడోది వాటంతట అవే వస్తాయి.

అడిగేటప్పుడు

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4:6లో, విన్నపాలను ‘కృతజ్ఞతాపూర్వకముగా’ దేవునికి తెలియజేయమని ఉంది. పౌలు ఆ పత్రిక రాసేటప్పుడు బంధకాల్లో ఉన్నాడు. అది వెళ్లింది ఫిలిప్పీకి. అదే ఊళ్లో అంతకుముందు అతన్నీ, అతని తోటి సేవకుడు సీలనూ బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి, లోపలి చెరసాలలో పడేశారు. ఆ మధ్యరాత్రి వాళ్లిద్దరూ ప్రార్థిస్తూ కీర్తనలు పాడారు, మిగతా ఖైదీలు విన్నారు. కాబట్టి ‘చింతపడకుడి’ అన్న మాట సుఖంగా కూర్చుని చెప్పినది కాదని ఆ సంఘంలోని పాతవాళ్లకు తెలిసే ఉంటుంది.

దీన్ని నేను ఆచరణలో ఇలా పెట్టాను. ప్రతి విన్నపానికీ, అదే విషయంలో దేవుడు ఇంతకుముందు చేసిన ఒక సంగతిని జతచేస్తాను. మా అబ్బాయి ఒక పరీక్ష తప్పి మళ్లీ రాస్తున్నప్పుడు నా ప్రార్థన, ‘పోయినసారి ఫలితం చూసి నాలుగు రోజులు గదిలోంచి బయటికి రాని పిల్లవాడు, ఐదో రోజు లేచి మళ్లీ పుస్తకం పట్టాడు. ఆ ధైర్యం నీవిచ్చిందే, స్తోత్రం. ఈసారి కూడా వాడి పక్కనే ఉండు’ అని. అంతకుముందు వాడి గురించి చేసిన ప్రార్థనల్లో ‘వాడు పాస్ కావాలి’ తప్ప ఇంకేమీ లేదు. జతచేయడం మొదలుపెట్టాక అడిగే మాటే మారిపోయింది. దేవుడు ఆ విషయంలో అప్పటికే పనిచేస్తున్నాడని గుర్తు చేసుకుని అడుగుతుంటే గొంతులో వణుకు తగ్గింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ముందు నాలుగు స్తోత్రాలు చెల్లిస్తే అడిగింది త్వరగా వస్తుందనే ఆలోచన మనలో ఎక్కడో ఉంటుంది. నాలోనూ ఉండేది. అది బేరం. అలాగే, పొందిన మేలుకు బాకీ తీరుస్తున్నామనే ఆలోచనా సరైనది కాదు. లెక్కల మనిషిని కాబట్టి నాకు ఇది వదిలించుకోవడం కష్టమైంది. 116వ కీర్తనలో ఈ ప్రశ్నే ఉంది. ‘యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును?’ జవాబు తర్వాతి వచనంలోనే వస్తుంది. రక్షణ పాత్రను చేతపుచ్చుకుంటాను, ఆయన నామాన ప్రార్థన చేస్తాను అంటాడు. ఏం చెల్లించాలి అని అడిగినవాడు చివరికి మళ్లీ చేయి చాపి ఆయన ఇచ్చేదే పుచ్చుకుంటున్నాడు. నా లెక్కల పుస్తకాల్లో అలాంటి పద్దు ఎక్కడా చూడలేదు.

స్తోత్రం నోటికి రాని రోజుల్లో

అమ్మకు రెండోసారి పక్షవాతం వచ్చిన వారం, చూడటానికి వచ్చిన ఒకరు, ‘దీనికి కూడా స్తోత్రం చెప్పమ్మా, అన్నిటికీ చెప్పమని వాక్యం ఉంది కదా’ అన్నారు. అప్పుడు నేను అమ్మ నోటి పక్కనుంచి కారుతున్న నీళ్లు తుడుస్తున్నాను. తలూపాను. ఆ తర్వాత పది రోజులు ప్రార్థన చేయలేకపోయాను. మోకాళ్ల మీదికి వెళ్లడం, లేచి రావడం. అన్నవారు ప్రేమతోనే అన్నారని నాకు తెలుసు. అయినా ఆ మాట గురించి నేను నేర్చుకున్నది ఇక్కడ వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కృతజ్ఞతను వదిలేసేది ఇక్కడే.

మొదటి థెస్సలొనీకయులకు 5:18లో ఉన్నది ‘ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి’ అని. విషయంలో ఉండి చెల్లించడం వేరు, ఆ విషయమే మేలు అనడం వేరు. ఎఫెసీయులకు 5:20లో ‘సమస్తమునుగూర్చి’ అని కూడా ఉంది, దాన్ని దాటిపోను. అయితే అదే పౌలు మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయంలో మరణాన్ని శత్రువు అన్నాడు. శత్రువు చేసిన పనిని మెచ్చుకోమని దేవుడు నన్ను అడుగుతున్నాడని నేను చదవలేను. అంతా చేజారిపోతున్న చోట కూడా తండ్రి చేయి నన్ను వదలలేదు, దాని గురించి స్తుతి, అని నేను అర్థం చేసుకున్నాను.

నన్ను నిలబెట్టింది యేసు ప్రార్థించిన తీరు. మత్తయి సువార్త 26వ అధ్యాయంలో ఒకే రాత్రి ఆయన రెండుసార్లు గిన్నె మాట ఎత్తాడు. బల్ల దగ్గర గిన్నె పట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు, 27వ వచనం. తర్వాత గెత్సేమనే తోటలో సాగిలపడి ఈ గిన్నె నా దగ్గరనుంచి తొలగిపోనిమ్మని అడిగాడు, 39వ వచనం. అది తన రక్తమని బల్ల దగ్గర తానే చెప్పాడు. తెలిసే స్తుతించాడు, తెలిసే తప్పించమని అడిగాడు. ఒకటి విశ్వాసం, రెండోది అవిశ్వాసం అని ఎవరూ అనలేరు. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపడానికి వెళ్లినప్పుడు అతని సమాధి దగ్గర కూడా అంతే. యోహాను 11:35లో ఆయన కన్నీళ్లు విడిచాడు. 41వ వచనంలో, నా మనవి విన్నావు కాబట్టి నీకు కృతజ్ఞతాస్తుతులు అన్నాడు. అప్పటికి రాయి తీశారు గానీ లాజరు ఇంకా లోపలే ఉన్నాడు. ఏడుపు ముందు వచ్చింది. దాన్ని దాటేసి స్తుతికి వెళ్లలేదు.

కాబట్టి నొప్పి రోజుల్లో ఈ వరుసలో ప్రార్థించండి. మొదట ఉన్నది ఉన్నట్టు చెప్పండి, మర్యాద కోసం తగ్గించవద్దు. తర్వాత కావలసింది అడగండి. ఆ తర్వాత, అబద్ధం కాని స్తుతి ఒక్కటి దొరికితే చెప్పండి. ఒక్కటి చాలు, అది ఆ కష్టానికి సంబంధించనిదైనా సరే. ఆ పది రోజుల తర్వాత నేను చేసిన మొదటి ప్రార్థన నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ‘తండ్రీ, నేను అలసిపోయాను. అమ్మను చూడలేకపోతున్నాను. ఆమె బాధ తగ్గించు. ఈ రాత్రి మా ఆయన మేలుకుంటానన్నారు, స్తోత్రం.’ మూడోది దొరకకపోతే రెండోదాని దగ్గర ఆపేయండి. 88వ కీర్తన చీకటి అన్న మాట దగ్గరే ముగుస్తుంది. దానికి స్తుతి వచనం ఒకటి అతికించి సరిచేయాలని ఎవరికీ అనిపించలేదు, అలాగే మన చేతికి వచ్చింది.

ఇంకొకరు కష్టంలో ఉన్నప్పుడు మాత్రం వాళ్లను స్తోత్రం చెప్పమనకండి. అది వాళ్లు, దేవుడు తేల్చుకునే సంగతి. మనం చేయవలసింది రోమీయులకు 12:15లో ఉంది. ఏడ్చేవారితో ఏడవాలి. పక్కన కూర్చోండి, తుడవవలసింది ఏదైనా ఉంటే తుడవండి.

అమ్మ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. పక్షవాతం వల్ల మాట పోయినవాళ్లలో కొందరికి కొత్త వాక్యం కూర్చడం రాకపోయినా, ఏళ్ల తరబడి నోటికి అలవాటైన మాటలు మిగిలి ఉంటాయి. అంకెలు, పాటలు, ప్రార్థనలు అలాంటివి. అమ్మకు నా పేరు రాలేదు. నీళ్లు కావాలని చెప్పడం రాలేదు. ‘స్తోత్రం’ మాత్రం వచ్చింది. పక్క మార్చినప్పుడు, మొహం తుడిచినప్పుడు, కిటికీ తెరిచినప్పుడు స్పష్టంగా అనేది. 70 ఏళ్లు రోజూ అన్న మాట, మిగతావన్నీ పోయినా ఆమె దగ్గర ఉండిపోయింది. స్తుతులను విడివిడిగా చెప్పమని పైన గట్టిగా రాశాను, దాన్ని మార్చుకోను. కానీ అలవాటుగా అనే స్తోత్రాన్ని ఇక ఎప్పుడూ చులకన చేయను. రోజూ అనండి.

‘కంటే’ అనే మాట

కృతజ్ఞత పక్కదారి పట్టే చోటు ఒకటి ఉంది, లూకా 18లో యేసు దాన్ని చూపించాడు. దేవాలయంలో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే వర్గంవాడు, చేసిన ప్రార్థన మొదలైందే కృతజ్ఞతాస్తుతులతో. ఇతర మనుషుల్లా, అక్కడే ఉన్న సుంకరిలా (పన్నులు వసూలు చేసేవాడిలా) తాను లేనందుకు స్తుతి. ఆ ప్రార్థన నేనూ చేశాను. ఆసుపత్రిలో అమ్మ పక్క మంచం మీద వయసులో చాలా చిన్నవాడు ఉండేవాడు, కదలిక ఏమీ లేదు. ఒక సాయంత్రం అమ్మ చెయ్యి పట్టుకుని, ‘ఆ అబ్బాయి కంటే మా అమ్మ పరిస్థితి మేలుగా ఉంచావు, స్తోత్రం’ అని పైకి ప్రార్థించాను. కళ్లు తెరిచేసరికి అతని భార్య మా వైపు చూస్తోంది. వెంటనే ముఖం అటు తిప్పుకుంది. మర్నాడు వెళ్లి క్షమించమని అడిగాను. ఆమె ఏమీ అనలేదు. నా చేతిని కాసేపు పట్టుకుని వదిలింది.

అప్పటినుంచి నా స్తుతిలో ‘కంటే’ అనే మాట వస్తే అక్కడే ఆగిపోతాను. ఆ వాక్యాన్ని వదిలేసి, పోలికలోకి లాగిన మనిషి కోసం ప్రార్థిస్తాను. మీరూ ఒక వారం గమనించండి. ఎన్నిసార్లు ఆ మాట వస్తుందో చూస్తే బాధ కలుగుతుంది.

ఆ రోజుది ఆ రోజే

లేవీయకాండము 7వ అధ్యాయంలో కృతజ్ఞతార్పణకు ఒక కట్టడ ఉంది. ఆ బలి మాంసం ఆ రోజే తినాలి, మరునాటి ఉదయానికి ఏమీ మిగల్చకూడదు. మ్రొక్కుబడిగానీ స్వేచ్ఛార్పణగానీ అయితే రెండో రోజు కూడా తినవచ్చు. కృతజ్ఞతకు మాత్రం వాయిదా లేదు. ఒక జంతువును ఒక ఇంటివాళ్లు ఒక్క రోజులో తినలేరు కాబట్టి ఇరుగుపొరుగును పిలవక తప్పేది కాదనిపిస్తుంది.

మనమూ ఆ రోజు మేలులకు ఆ రోజే స్తుతి చెల్లించడానికి పడుకునే ముందు ఐదు నిమిషాలు చాలు. 16వ శతాబ్దంలో జెస్యూట్ సన్యాసుల సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా తనవాళ్లకు నేర్పిన ఆత్మపరిశీలనలో ఐదు మెట్లు ఉన్నాయి. తప్పులు వెతుక్కోవడం వాటిలో మొదటిది కాదు. పొందిన మేలులకు దేవునికి కృతజ్ఞతలు చెప్పడం మొదటిది. నేనూ ఆ వరుసే పాటిస్తున్నాను. ముందు తప్పులతో మొదలుపెట్టిన రాత్రులు నేను మేలుల దాకా ఎప్పుడూ చేరలేదు.

మనుషుల దగ్గరికి కూడా తిరిగి వెళ్లాలి

ఆసుపత్రిలో ఒక ఆయా ఉండేది. అమ్మ బరువును నేను ఒక్కదాన్నే తిప్పలేక అవస్థపడుతుంటే వచ్చి, దుప్పటిని సగానికి మడిచి ఒంటి కింద వేసి, దాన్ని పట్టుకుని ఎలా దొర్లించాలో చూపించింది. మూడుసార్లు నాచేత చేయించింది. తర్వాత ఇంట్లో మూడేళ్లు ప్రతి రాత్రీ అదే చేశాను. ఆ సాయంత్రం నేను ఆమె పేరు కూడా అడగలేదు. రెండు నెలల తర్వాత వెతుక్కుంటూ వెళితే పని మానేసి వెళ్లిపోయిందన్నారు. దేవునికి ఆమె గురించి ఎన్నోసార్లు స్తుతి చెల్లించాను. ఆమెకు మాత్రం చెప్పలేకపోయాను.

పౌలు దేవునికి చెప్పి ఊరుకోలేదు. రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయం దాదాపు అంతా మనుషుల పేర్లే. తన ప్రాణం కోసం ప్రిస్కిల్ల, అకుల తమ ప్రాణాలకు తెగించారని రాసి, వాళ్లకు తాను కృతజ్ఞుణ్ణని చెప్పాడు. అందుకని వారానికి ఒకరికైనా ఫోన్ చేయండి, లేదా చిన్న ఉత్తరం రాయండి, లేదా వెళ్లి కలవండి. వాళ్లు చేసింది ఏమిటో చెప్పండి. దానివల్ల మీకు ఏం జరిగిందో చెప్పండి. ఆ మాటల చివర కొత్త సహాయం అడగవద్దు. అడగవలసి ఉంటే ఇంకో రోజు అడగండి.

మనకు సరిపడని మనిషి విషయంలో పౌలు దగ్గరే ఇంకొకటి నేర్చుకున్నాను. కొరింథు సంఘం నిండా తగాదాలు. అయినా మొదటి పత్రికలో వాళ్లను మందలించే ముందు, వాళ్ల గురించి దేవునికి ఎల్లప్పుడూ కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తున్నానని రాశాడు. గలతీయులకు రాసిన పత్రికలో మాత్రం ఆ మాట లేదు, నేరుగా విషయంలోకి వెళ్లాడు. నాకు ఆ రెండూ ఆదరణే. ఎవరితోనైనా గట్టిగా మాట్లాడవలసి వచ్చినప్పుడు, ముందుగా ఆ మనిషి గురించి దేవునికి నిజంగా చెప్పగల స్తుతి ఒకటి వెతుకుతాను. దొరికిన రోజు మాట మెత్తగా వస్తుంది. దొరకని రోజు నటించను, వీలైతే ఆ మాటలు మర్నాటికి వాయిదా వేస్తాను.

ఇంట్లో పిల్లల చేత బలవంతంగా చెప్పించవద్దు. నేను కొన్నాళ్లు మా అబ్బాయి చేత రోజూ మూడు చెప్పించాను, వాడు తలవంచుకుని అవే మూడు అప్పజెప్పేవాడు. తర్వాత మానేసి, నావి నేను వాడికి వినబడేలా చెప్పుకోవడం మొదలుపెట్టాను. యొర్దాను నది దాటాక ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ 12 రాళ్లు నిలబెట్టించింది, పిల్లలు చూసి ఇవేమిటని అడగాలని. నా పుస్తకం ఇప్పుడు బల్ల మీద తెరిచే ఉంటుంది. ఒకరోజు వాడే అడిగాడు, ‘అమ్మా, ఈ వరుసలో ఏమీ రాయలేదేం?’

వాడు చూపించింది 41వ వరుస. ‘అమ్మ లేచి నడవాలి’ అని ఉంది అక్కడ. మూడేళ్ల రెండు నెలలు అడిగాను. అమ్మ నడవలేదు. ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ‘పరలోకంలో నడుస్తోంది కదా, జవాబు వచ్చిందని రాసుకోండి’ అని కొందరు చెప్పారు. ఆ నిరీక్షణ నాకూ ఉంది. కానీ నేను అడిగింది ఆమె మంచం మీదనుంచి లేచి కిటికీ దాకా నడవాలని. అందుకని మూడో కాలమ్ ఖాళీగా వదిలేశాను. మీ పుస్తకంలో కూడా ఇలాంటి వరుసలు ఉంటాయి. వాటిని నింపాలని తొందరపడకండి, కొట్టివేయనూ వద్దు.

నాలుగో కాలమ్‌లో మాత్రం రాస్తున్నాను. ఆ గడిలో చోటు చాలక చిన్న కాగితం అతికించాను. ఆ మూడేళ్లలోంచి శనివారం రాత్రి ఏదైనా ఒకటి గుర్తొస్తే అక్కడ రాసి స్తుతి చెల్లిస్తాను. ఇప్పటికి 19 అయ్యాయి. పోయిన శనివారం రాసింది ఇది. ‘రాత్రి రెండింటికి పక్క మార్చేటప్పుడు, పట్టున్న ఎడమ చేత్తో అమ్మ నా మణికట్టు పట్టుకునేది. తిప్పడం అయిపోయాక కూడా వదిలేది కాదు.’